ఫోన్ అన్‌లాక్: తాళం వేసిందెవరు, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మొన్న సంక్రాంతికి మా పెద్దనాయిన కొడుకు డల్లాస్ నుంచి దేవరకొండ వచ్చాడు. తండ్రి కోసం శామ్‌సంగ్ ఫోన్ తెచ్చాడు. కొని ఐదు నెలలైంది, కొత్తదానిలాగే ఉంది. పెద్దనాయిన తన పాత ఫోన్‌లోని సిమ్ తీసి అందులో పెట్టగానే తెర మీద ‘నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్’ అని అడిగింది. ఏ పిన్ అదని ఆయన అడిగితే కొడుకు దగ్గరా జవాబు లేదు.

మరునాడు నేనే ఆ ఫోన్ పట్టుకుని నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక మొబైల్ దుకాణానికి వెళ్లాను. “అన్‌లాక్ చేస్తం తమ్మీ, రెండు వేలైతది, రేపు రాండ్రి” అన్నాడాయన. అక్కడున్న అరగంటలో ఇంకో ఇద్దరు ఇదే మాటతో వచ్చారు. తండా నుంచి వచ్చిన ఒక పిల్లగాడి ఫోన్ తెర మీద, కిస్తీ కట్టలేదు కాబట్టి ఫోన్ ఆపేశామన్న నోటీసు నిలబడిపోయింది. ఇంకొకామె భర్త ఏడాది కింద చనిపోయాడు. ఆయన ఫోన్‌ను కొడుక్కిద్దామని రీసెట్ చేస్తే అది ఆయన గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతోంది. ముగ్గురం అడిగింది అన్‌లాకే, కానీ మా ముగ్గురి తాళాలూ వేరు. మరునాటికి మా కోడ్ రాలేదు. దుకాణదారు మంచివాడు, పైసలు వాపసిచ్చాడు. ఎందుకు రాలేదో తెలుసుకుందామని మొదలుపెట్టినదే ఈ వ్యాసం.

ఒకే మాట వెనుక నాలుగు తాళాలు

మొదటిది తెర తాళం. పిన్, ప్యాటర్న్, వేలిముద్ర. ఇది వేసింది మనమే, తీసేదీ మనమే.

రెండోది ఖాతా తాళం. ఫోన్ పోయినప్పుడు దొంగ రీసెట్ చేసి అమ్ముకోకుండా ఆపిల్ 2013లో, గూగుల్ 2015లో తెచ్చిన ఏర్పాటు. ఫోన్‌ను బలవంతంగా రీసెట్ చేస్తే పాత ఖాతా వివరాలు చెప్పేదాకా తెరుచుకోదు. దుకాణంలో ఆమెకు ఎదురైంది ఇదే. దొంగను ఆపడానికి కట్టిన గోడ అది, ఇంటి మనిషిని గుర్తుపట్టలేదు. కొన్న బిల్లు, మరణ ధ్రువీకరణ పత్రం లాంటివి పట్టుకుని తయారీ కంపెనీనో ఖాతా ఇచ్చిన కంపెనీనో అడగాలి తప్ప సిమ్ కంపెనీకి దీంతో సంబంధం లేదు.

మూడోది అప్పు తాళం. కిస్తీల మీద ఫోన్ ఇప్పించిన ఫైనాన్స్ కంపెనీ వేసేది. నాలుగోది నెట్‌వర్క్ తాళం. ఫోన్‌లో ఫలానా కంపెనీ సిమ్ తప్ప ఇంకోటి పనిచేయకూడదని ఆ కంపెనీ వేయించేది. డల్లాస్ ఫోన్‌కు ఉన్నది ఈ నాలుగోది.

ఈ తేడా తెలియకపోతే తప్పు మనిషి దగ్గరికి వెళ్తాం, తప్పు పనికి డబ్బు కడతాం. ‘అన్‌లాక్డ్ ఫోన్’ అని అమ్ముతున్న సెకండ్ హ్యాండ్ ఫోన్‌కు నెట్‌వర్క్ తాళం తీసి ఉండి, పాత యజమాని ఖాతా తాళం అలాగే మిగిలి ఉండొచ్చు. అమ్మినవాడు చెప్పింది అబద్ధమూ కాదు, కొన్నవాడికి ఫోన్ పనికీ రాదు.

సిమ్ పెట్టగానే ఫోన్ ఏం చూస్తుంది?

ప్రతి సిమ్‌లో మన మొబైల్ నంబర్‌తో సంబంధం లేని ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాని మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి. మన దేశానికి 404, 405. అమెరికాకు 310 మొదలైనవి. ఆ తర్వాతి అంకెలు కంపెనీని చెబుతాయి, మన దేశంలో అయితే కంపెనీతో పాటు సర్కిల్‌ను, అంటే టెలికాం లెక్కలోని ప్రాంతాన్ని కూడా. మన సర్కిల్‌లో ఎయిర్‌టెల్ 404-49, బీఎస్ఎన్ఎల్ 404-73. అమెరికాలో ఏటీ అండ్ టీ వాడే వాటిలో ఒకటి 310-410.

నెట్‌వర్క్ తాళం అంటే ఫోన్ లోపల రాసిపెట్టిన చిన్న జాబితా. ఉదాహరణకు అందులో 310-410 అని మాత్రమే ఉందనుకుందాం. దేవరకొండలో 404-49 సిమ్ పెట్టాం. ఫోన్ ఆన్ కాగానే రేడియో భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ సిమ్‌లోని అంకెలు చదివి జాబితాతో పోల్చుతుంది. కలవకపోతే టవర్‌ను పలకరించనే పలకరించదు. అందుకే వైఫై పనిచేస్తుంది, కెమెరా పనిచేస్తుంది, యాప్‌లన్నీ తెరుచుకుంటాయి, కాల్ మాత్రం పోదు. ఫోన్ చెడిపోలేదు, సిమ్ చెడిపోలేదు. ఈ తాళం ఆండ్రాయిడ్ కన్నా కింది పొరలో ఉంటుంది కాబట్టి రీసెట్ చేసినా పోదు.

దుకాణంలో కోడ్ ఎందుకు దొరకలేదు?

పాత నోకియా ఫోన్ల కాలంలో దొరికేది. ఫోన్‌కుండే 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌నూ (*#06# కొడితే కనిపిస్తుంది) కంపెనీ సంఖ్యనూ ఒక లెక్కలో వేస్తే అన్‌లాక్ కోడ్ వచ్చేది. ఆ లెక్క బయటపడ్డాక కంప్యూటరున్న ప్రతి దుకాణంలోనూ నిమిషాల్లో పని అయిపోయేది. ‘అన్‌లాక్ అంటే దుకాణం పని’ అన్న నమ్మకం మనలో పాతుకుపోయింది ఆ రోజుల నుంచే.

తర్వాత తయారీదారులు జాగ్రత్తపడ్డారు. కోడ్‌ను లెక్కకట్టి తీయడం కుదరకుండా ఒక్కో ఫోన్‌కు ఊహించలేని కోడ్ పెట్టి, ఆ పట్టికను తమ దగ్గరా, అమ్మిన టెలికాం కంపెనీ దగ్గరా ఉంచుకున్నారు. పైగా తప్పు కోడ్ కొన్నిసార్లు కొడితే ఇక కోడ్ అడగడమే మానేసి శాశ్వతంగా బిగుసుకుపోయే ఫోన్లున్నాయి. పెద్దనాయిన ఫోన్ తెర కూడా ఇంకా ఎన్ని ప్రయత్నాలు మిగిలాయో చూపిస్తూనే ఉంది. అందుకే ఆ తెర మీద అంకెలు ఊహించి కొట్టడం అన్నిటికన్నా నష్టం.

ఐఫోన్‌లో కోడ్ అనేదే ఉండదు. ఏ ఐఎంఈఐకి తాళం ఉందో, దేనికి లేదో ఆపిల్ సర్వర్‌లో రాసి ఉంటుంది. టెలికాం కంపెనీ చెబితే ఆపిల్ ఆ రాత మారుస్తుంది, ఫోన్ ఆ సంగతి ఇంటర్నెట్ ద్వారా తెలుసుకుంటుంది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్, అక్కడ క్యారియర్ లాక్ ఎదురుగా ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అని ఉంటే నెట్‌వర్క్ తాళం లేనట్టే.

సిమ్ కింద అంటించే పల్చటి చిప్ కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. అది తాళం తీయదు. మన సిమ్ అంకెలకు బదులు ఫోన్‌కు నచ్చే అంకెలు చూపించి నమ్మిస్తుంది, అంతే. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన రోజున ఆ కిటుకు పట్టుబడొచ్చు.

డల్లాస్‌లో ‘ఫ్రీ’గా వచ్చిన ఫోన్ లెక్క

అన్నను గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి తెలిసింది. ఫోన్ ఫ్రీగా వచ్చిందట. అమెరికాలో పెద్ద కంపెనీల ‘ఫ్రీ’ ఎలా ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు అర్థం కావడానికి మాత్రమే.

ఫోన్ ధర 900 డాలర్లు. 36 నెలల వాయిదాల్లో నెలకు 25 డాలర్లు. కంపెనీ ప్రతినెలా బిల్లులో 25 డాలర్లు వేసి, అదే బిల్లులో ఆఫర్ కింద 25 తీసేస్తుంది. కట్టేవాడి చేతి నుంచి ఫోన్ కోసం ఏమీ పోదు కాబట్టి ఫ్రీ అనుకుంటాడు. కాగితం మీద మాత్రం 900 డాలర్ల బాకీ నెలకు 25 చొప్పున కరుగుతోంది. ఐదు నెలలకు కరిగింది 125, మిగిలింది 775. బాకీ తీరనిదే ఇలాంటి కంపెనీలు చాలావరకు అన్‌లాక్ చేయవు. సరే, ఇప్పుడే 775 కట్టేస్తానంటే చాలా ఆఫర్లలో మిగతా 31 నెలల తగ్గింపు అక్కడితో ఆగిపోతుంది. అంటే ఫ్రీ ఫోన్‌ను దేవరకొండలో వాడుకోవడానికి 775 డాలర్లు.

అన్నను మోసం చేశారని నేననను, ఒప్పందంలో రాసే ఉంటుంది. కానీ అమెరికా నుంచి మిర్యాలగూడకో కోదాడకో సూర్యాపేటకో ఫోన్లు తెచ్చే పిల్లలు వందల ఇళ్లలో ఉన్నారు. సూట్‌కేస్‌లో పెట్టేముందు ఫోన్ పూర్తిగా మనదైందా, ఇంకా కంపెనీదేనా అన్నది వాళ్లు చూసుకుంటే ఇక్కడ తల్లిదండ్రులు దుకాణాల చుట్టూ తిరిగే పని ఉండదు. అన్‌లాక్‌కు దరఖాస్తు పెట్టాల్సింది ఖాతా ఉన్న మనిషి. అది డల్లాస్ నుంచే సులువు.

తాళం ఉండాలా వద్దా: దేశాల మధ్య వాదన

అమెరికాలో దీని మీద చిన్న యుద్ధమే నడిచింది. 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం సాఫ్ట్‌వేర్ రక్షణలను ఛేదించడాన్ని నిషేధించింది. ఫోన్ తాళం కూడా ఆ కిందికే వస్తుందన్నారు. 2006 నుంచి మినహాయింపు ఉండేది. 2012లో దాన్ని కొనసాగించకపోవడంతో 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోన్‌ను కంపెనీ అనుమతి లేకుండా అన్‌లాక్ చేయడం నేరమైంది. వైట్‌హౌస్‌కు పెట్టిన అర్జీ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో వచ్చిన చట్టం ఆ నేరాన్ని తీసేసింది. అయితే ఆ చట్టం చెప్పింది ‘మీ ఫోన్ తాళం మీరు తీసుకోవచ్చు’ అని. ‘తాళంచెవి కంపెనీ ఇచ్చి తీరాలి’ అని చెప్పలేదు. బాకీ తీరిన ఫోన్లకు ఇస్తామని పెద్ద కంపెనీలు ఒక స్వచ్ఛంద నియమావళి కింద ఒప్పుకున్నాయి.

కంపెనీల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. పెద్ద మొత్తం పెట్టలేని మనిషికి ముందే ఫోన్ ఇచ్చి నెలనెలా రాబట్టుకుంటాం, తాళం లేకపోతే మొదటి నెలే ఫోన్ అమ్ముకుని వెళ్లిపోతే మాకు దిక్కేంటి అంటారు. తప్పుడు గుర్తింపుతో ఫోన్లు తీసుకుని విదేశాలకు తరలించే ముఠాలున్నాయని చెప్పే వెరిజాన్ టెలికాం సంస్థ 2019లో, ఫోన్‌కు మొదటి 60 రోజులు తాళం వేసి ఉంచడానికి అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి తెచ్చుకుంది.

అటువైపు వాదన ఇది: బాకీ వసూలుకు ఒప్పందం ఉంది, కోర్టులున్నాయి. తాళం వల్ల జరిగేది మనిషి కంపెనీ మారకుండా ఆగిపోవడం. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ పరిశీలిస్తే, కంపెనీ మారాలనుకుని మానుకున్నవాళ్లలో మూడో వంతుకు పైగా ఫోన్ అన్‌లాక్ చేయించుకోవాల్సి రావడమే వెనక్కి లాగిందన్నారు. 2021 డిసెంబరు నుంచి అక్కడ తాళం వేసిన ఫోన్లు అమ్మకూడదు. కెనడాలో 2017 డిసెంబరు నుంచి, జపాన్‌లో 2021 అక్టోబరు నుంచి ఇలాంటి నియమమే ఉంది. ఆ దేశాల్లో వాయిదాల మీద ఫోన్ అమ్మకాలు ఆగిపోలేదు. నా దృష్టిలో ఈ వాదనలో అన్నిటికన్నా బరువైన సంగతి అదే.

మన దగ్గర తాళం ఎప్పుడు, ఎందుకు వచ్చింది?

మన దేశంలో 90 శాతానికి పైగా ప్రీపెయిడ్ కనెక్షన్లు. ఫోన్ ఒక దుకాణంలో, సిమ్ ఇంకో దుకాణంలో కొనుక్కునే అలవాటు. అందుకే నెట్‌వర్క్ తాళం మనకు అంతగా తెలియదు. అయినా మూడు నాలుగుసార్లు గట్టిగానే తగిలింది.

2003లో రిలయన్స్ 501 రూపాయలకే చేతికి ఫోన్ ఇచ్చింది. అది సీడీఎంఏ పద్ధతి, ఫోన్‌లో సిమ్మే లేదు. కనెక్షన్ ఫోన్‌లోనే రాసి ఉండేది. కంపెనీ మారడమంటే ఫోన్ పారేయడమే. 2008 ఆగస్టులో ఐఫోన్ 3జీ ఎయిర్‌టెల్, వొడాఫోన్‌ల ద్వారా తాళంతో వచ్చింది. ధర 31,000 రూపాయలు. అమెరికాలో రెండేళ్ల ఒప్పందంతో 199 డాలర్లకే ఇచ్చారు కాబట్టి అక్కడ తాళానికి ఒక కారణం ఉంది. ఇక్కడ నిండు ధర తీసుకుని కూడా తాళం వేయడాన్ని సమర్థించడం కష్టం.

2017లో జియోఫోన్ 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చింది, అందులో జియో సిమ్మే పనిచేస్తుంది. 2023 జులైలో వచ్చిన జియోభారత్ కూడా అంతే. దీని లెక్క చూడాలి. ఫోన్ 999 రూపాయలు, 28 రోజుల రీఛార్జ్ అప్పట్లో 123. ఏడాదికి 13 రీఛార్జ్‌లు, అంటే 1,599. ఇతర కంపెనీల ప్లాన్ 179 నుంచి మొదలవుతుందని జియో చెప్పింది. దాని ప్రకారం ఏడాదికి 2,327. తేడా 728 రూపాయలు. కూలికి పోయే మనిషికి ఇది చిన్న మొత్తం కాదు. తాళానికి బదులు ఏదో నిజంగానే చేతికొస్తోంది.

ఇప్పుడు అదే ఫోన్ నల్లమల అంచున, అమ్రాబాద్ దాటాక ఉన్న ఊరికి తీసుకెళ్దాం. కొండల మధ్య ఊళ్లలో ఒక్కో చోట ఒక్క కంపెనీ సిగ్నలే అందుతుంది. అందేది తాళం వేసిన కంపెనీదే అయితే ఇబ్బంది లేదు. ఇంకోటయితే ఆ 728 రూపాయల లాభానికి అర్థం లేదు, ఇంటికొచ్చేసరికి ఫోన్ మూగబోతుంది. పాలమూరు నుంచి ముంబైకో పుణెకో పనికి పోయి ఆరునెలలకు తిరిగొచ్చే మనిషి రెండు చోట్లా పనికొచ్చే సిమ్ మార్చుకోవాలంటే తాళంలేని ఫోన్ ఉండాలి. ఒకే తాళం ఒకరికి చౌక బేరం, ఒకరికి గుదిబండ. అది ఆ మనిషి ఎక్కడ బతుకుతున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

నంబర్ మార్చుకోకుండా కంపెనీ మారడం వేరే సంగతి

పోర్టింగ్‌ను కూడా అన్‌లాక్ అనుకునేవాళ్లున్నారు. పోర్టింగ్‌లో మారేది నంబర్, ఫోన్ కాదు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. ‘పోర్ట్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి పక్కన నంబర్ రాసి 1900కు పంపితే ఒక కోడ్ వస్తుంది, దాంతో కొత్త కంపెనీకి పోతాం. కానీ కొత్త కంపెనీ సిమ్ చేతికొచ్చాక తాళమున్న ఫోన్ దాన్ని తీసుకోదు. నంబర్‌కు స్వేచ్ఛ వచ్చింది, ఫోన్‌కు రాలేదన్నమాట. ఇంకో మాట: రాష్ట్రం 2014లో విడిపోయినా టెలికాం లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్.

తాళం తీసినా సిగ్నల్ రాకపోతే?

నెట్‌వర్క్ తాళం తీయడమంటే తలుపు తెరవడమే. ఫోన్ రేడియోకు మన టవర్ల తరంగాలు వినిపించాలి కదా. జియో 4జీ ప్రధానంగా 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100ల మీద. అమెరికా కోసమే తయారైన కొన్ని తక్కువ ధర ఫోన్లలో 2300 గానీ మన దగ్గర వాడే 700 గానీ ఉండకపోవచ్చు. అప్పుడు నల్లగొండ పట్నంలో బాగా పనిచేసిన ఫోన్ ఊళ్లో తడబడుతుంది.

కాల్స్ సంగతి ఇంకా చిక్కు. జియోకు 2జీ, 3జీ లేవు. కాల్ కూడా 4జీ మీదే వెళ్లాలి. దానికి మన కంపెనీ అమరిక ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. లేకపోతే ఇంటర్నెట్ వస్తుంది, కాల్ పోదు. 2జీ ఇంకా నడుపుతున్న కంపెనీ సిమ్ అయితే కాల్ వరకు గట్టెక్కొచ్చు. ఐఫోన్ తెచ్చేవాళ్లకు ఇంకొకటి: 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే చోటే లేదు, ముక్క లేకుండా ఫోన్‌లోకే ఎక్కించే ఈసిమ్ మాత్రమే. అన్‌లాక్ అయినా పెద్దనాయిన దగ్గరున్న సిమ్ ముక్కను అందులో పెట్టలేం, కంపెనీ దగ్గర ఈసిమ్‌గా మార్పించుకోవాలి.

తండా పిల్లగాడి ఫోన్: అప్పు తాళం

ఆ పిల్లగాడి ఫోన్‌లో ఏ కంపెనీ సిమ్ అయినా పనిచేస్తుంది. ఆగిపోయింది ఫోనే. కిస్తీల మీద కొన్నప్పుడు ఫైనాన్స్ కంపెనీ ఫోన్‌లో ఒక నియంత్రణ యాప్ వేస్తుంది. వాయిదా తప్పితే దూరం నుంచే తెర బిగిస్తుంది. మామూలు రీసెట్‌తో అది పోకుండా ఫోన్ తయారీ స్థాయిలోనే ఏర్పాటు ఉంటుంది. తాళంచెవి ఫైనాన్స్ కంపెనీ దగ్గరే, ఇంకెవరి దగ్గరా కాదు.

అప్పిచ్చేవాళ్లు చెప్పేదేమంటే: జీతం చీటీ లేని, తాకట్టు లేని మనిషికి పది పదిహేను వేల ఫోన్ అప్పుగా ఇస్తున్నాం, దాని కోసం కోర్టుకు పోలేం, తాళమే లేకపోతే ఇలాంటివాళ్లకు అప్పే పుట్టదు. అప్పు తీసుకున్నవాళ్ల వైపు నుంచి చూస్తే, ఈరోజు ఫోన్ టీవీ లాంటిది కాదు. కూలి డబ్బు ఫోన్‌పేలో పడుతుంది, ఓటీపీ అందులోకే వస్తుంది, మేస్త్రీ పనికి పిలిచేది దానికే. బాకీ కట్టాలంటే పని దొరకాలి, పని దొరకాలంటే ఫోన్ ఉండాలి. ఈ పద్ధతిని ముందు ఆపించిన రిజర్వు బ్యాంకు, అప్పు తీసుకునేవారి ముందస్తు సమ్మతి ఉండాలి, వారి సమాచారం జోలికి పోకూడదు అన్న షరతులతో మళ్లీ అనుమతించే ఆలోచనలో ఉందని 2025 సెప్టెంబరులో వార్తలొచ్చాయి. సమ్మతి అన్న మాట దగ్గర నాకు బెంగగా ఉంది. ఆ పిల్లగాడు కౌంటర్ దగ్గర ఇంగ్లిష్ తెర మీద నాలుగుసార్లు ‘ఓకే’ నొక్కాడు. దేనికి ఒప్పుకున్నాడో ఆ రోజు ఎవరూ తెలుగులో చెప్పలేదట.

ఐఎంఈఐ జోలికి పోతే అన్‌లాక్ కాదు, నేరం

దారులన్నీ మూసుకుపోయినప్పుడు ‘ఐఎంఈఐ మార్చేస్తే అయిపోతుంది’ అనేవాళ్లు తారసపడతారు. అది ఫోన్‌కు దొంగ పేరు పెట్టడం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం దీనికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పోయిన ఫోన్లను కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ ‘సంచార్ సాథీ’ ద్వారా దేశమంతటా ఆపేసేది, పోలీసులు వెతికి పట్టేది ఆ నంబర్‌తోనే. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు ఇంగ్లిష్‌లో ‘కేవైఎం’ అని రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ కలిపి 14422కు మెసేజ్ పంపితే ఆ నంబర్ ఏ ఫోన్‌దో, దాన్ని ఆపేసి ఉన్నారో లేదో తెలుస్తుంది.

డల్లాస్ ఫోన్‌ను అన్న తిరిగి తీసుకెళ్లిపోయాడు. పోయేముందు దేవరకొండలోనే, కిస్తీ లేకుండా, పెద్దనాయిన ఊళ్లో ఏ టవర్ అందుతుందో కనుక్కుని మరీ ఒక ఫోన్ కొనిచ్చాడు. దానికున్నది ఒక్క తెర తాళమే. నాలుగంకెల పిన్ పెద్దనాయినే పెట్టుకున్నాడు.